పడుకుని లేచే పని

ఫిబ్రవరి 2, సోమవారం

"మీ సంస్థ ఏం చేస్తుందో రెండు వాక్యాల్లో రాయండి" అని మద్రాసు ట్రస్టు వాళ్ళ మొదటి ప్రశ్న. పొద్దున్నుంచీ రాస్తున్నాను. మొదటి వాక్యమే పేజీ దాటింది, ఇంకా మైపాడు సంగతి దాకా రాలేదు.

చివరికి ఆఫీసు చూసుకునే రేవతి నా చేతిలోంచి పెన్ను తీసుకుని రాసేసింది. "మంచాన పడిన వాళ్ళ ఇంటికి ఆసుపత్రి మంచం, వీల్‌చెయిర్, వాకర్ ఉచితంగా ఇస్తాం. వాళ్ళు లేచాక వెనక్కి తెచ్చి ఇంకొకరికి ఇస్తాం." నిన్నగాక మొన్న చేరిన పిల్ల, ఎంత టక్కున రాసిందో. బాగానే ఉంది. కానీ ఇందులో నేనెక్కడ?

లేవని వాళ్ళ దగ్గర్నుంచి కూడా వెనక్కి తెస్తాం. ఆ సంగతి రాయలేదు. తెలివైందే.

ఎల్లుండి ట్రస్టు తరఫున వినీల అనే ఆవిడ వస్తోంది. మా ఊతకర్ర సేవా సంఘానికి సామర్థ్యం ఉందా, లేకపోతే ఎట్లా పెంచాలి అని చూస్తుందట. ఆవిడ సరే అంటే ఇంకో మూడేళ్ళు సాయం చేస్తారు. కాదంటే ఏప్రిల్ నుంచి మంచాలు చేరవేసే పెంచల్ బండి ఆగిపోతుంది, రేవతి వేరే ఉద్యోగం వెతుక్కుంటుంది, మంచాలన్నీ మా ఆఫీసున్న ఆ పాత రైసుమిల్లు షెడ్డులో తుప్పు పడతాయి.

అయినా ఇన్నేళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైనదాన్ని, నా సామర్థ్యం చూడటానికి ఒకరు రావాలా? రానీ. నాకేం భయం. పెంచల్‌కి మాత్రం అడిగినదానికే జవాబు చెప్పమని గట్టిగా చెప్పాను.

ఫిబ్రవరి 4, బుధవారం

అడిగినదానికే జవాబు చెప్పాడు. అదే కొంప ముంచింది.

వినీల అంటే గంజి పెట్టిన చీర, నల్ల కళ్ళద్దాలు అనుకున్నాను. భుజాన సంచీ వేసుకుని ఇందుకూరుపేట సెంటర్లో బస్సు దిగింది. మా ఇంట్లో గోంగూర పచ్చడి అడిగి మరీ రెండోసారి వేయించుకుంది. సరిగ్గా కోప్పడటానికి కూడా వీల్లేని మనిషి.

పొద్దున్నుంచీ ప్రశ్నలే. బోర్డు సభ్యులెవరు అంది. ఒకరు పరలోకంలో ఉన్నారు, ఒకరు బెంగళూరులో ఉన్నారు, ఇంకొకరు మా ఆయన దావీదు, ఇదిగో ఈ మంచినీళ్ళు తెచ్చినాయన అన్నాను. మీటింగులు ఎప్పుడు జరుగుతాయి అంది. రోజూ, భోజనాల దగ్గర అన్నాను. నవ్వకుండా రాసుకుంది.

తర్వాత అడిగింది, ఈ సంస్థలో ఒకే ఒక్క మనిషి వల్ల అయ్యే పని ఏదైనా ఉందా అని. అబ్బే, అందరం అన్నీ చేస్తాం అన్నాను. గుమ్మం దగ్గర నిలబడి ఉన్న పెంచల్ నోరు తెరిచాడు.

"మంచం మీద పండుకొని లేసేది మేడమొక్కటే గదా?"

వినీల పెన్ను కింద పెట్టింది.

ఇక చెప్పక తప్పలేదు. ఈ పక్క ఊళ్ళలో ఒకరు పోయిన మంచాన్ని ఎవరూ ఇంట్లోకి రానివ్వరు. సంఘం పెట్టిన కొత్తలో మైపాడులో చేపలమ్మే కామమ్మకి తుంటి విరిగితే మంచం పట్టుకుపోయాం. ఆమె కోడలు గడపకి అడ్డంగా నిలబడి, ఎవరు పోయిన మంచమో మాకొద్దు అంది. నాకు ఒళ్ళు మండింది. మంచాన్ని నడివీధిలోనే వేయించి, తెల్లచీరతో సహా దాని మీద వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకుని, మళ్ళీ లేచి, చూడు నేను లేచాను, మీ అత్త కూడా లేస్తుంది అన్నాను. మంచం లోపలికి పోయింది. కొన్ని నెలలకి కామమ్మ నిజంగానే లేచింది, గంప ఎత్తుకుని మళ్ళీ బస్సెక్కింది. అంతే, ఆనాటి నుంచి ప్రతి ఇంట్లోనూ అదే మాట. సిస్టరమ్మ పడుకుని లేచిన మంచమేనా?

నేను నమ్మను. నేను ప్రార్థనని నమ్ముతాను, ఫినాయిల్ని నమ్ముతాను. కానీ జనానికి ధైర్యం వస్తుందంటే ఒకసారి పడుకుని లేస్తే నాదేం పోయింది?

సాయంత్రం గంగపట్నంలో ఒక ఇంటికి మంచం వేస్తుంటే వినీల కూడా వచ్చి చూసింది. నేను పడుకున్నాను, లేచాను, ఇంట్లో వాళ్ళు దణ్ణం పెట్టారు. కొంచెం గర్వంగానే అనిపించింది. తిరిగొస్తుంటే బండిలో అడిగింది, మీకు జ్వరమొస్తే ఎట్లా అని. రాదు అన్నాను. వస్తే అంది. జ్వరంతో పడుకోవడం ఇంకా తేలిక అన్నాను.

దీనికి కూడా నవ్వలేదు.

ఫిబ్రవరి 5, గురువారం

ఒక్కో విషయానికి నాలుగు మార్కులు. లెక్కలకి మూడు. పరికరాలు శుభ్రంగా ఉంచుకోవడానికి నాలుగు. నాయకత్వానికి ఒకటి.

ఒకటి!

మీరు మంచి నాయకురాలు కాదని కాదు మేడమ్ అంది వినీల. మీరు తప్ప ఇంకేమీ లేదని. ఆ మాట ఎంత మెత్తగా చెప్పిందంటే, నేను థాంక్స్ కూడా చెప్పాను. తర్వాత అర్థమైంది.

ఇప్పుడు నాకు సెలవు. నెలాఖరుకి ఆవిడ మళ్ళీ వచ్చే దాకా నేను ఆఫీసు గుమ్మం తొక్కకూడదు, ఎవరింటికీ పోకూడదు, ఏ మంచం మీదా పడుకోకూడదు. నేను లేకుండా పని నడిస్తే ట్రస్టుకి సరేనని రాస్తుంది. నేను మధ్యలో వేలు పెడితే, పెట్టానని రాస్తుంది. ఇంకోటి, మంచాల మీదా గోడల మీదా వేయించిన సంఘం నంబరు నా సొంత ఫోనుదే. కాబట్టి ఫోను రేవతికి ఇచ్చేయాలి. రేవతి మొహమాటపడుతుందేమో అనుకున్నాను. ఛార్జరు కూడా ఇమ్మంది.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన పేపరు దించకుండానే అన్నాడు. "నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకుందంట ముసలమ్మ. తెల్లారద్దో లేదో చూద్దాం."

బస్సు కండక్టరుగా చేసి చేసి, ఎవర్ని ఎక్కడ దించాలో ఆయనకి బాగా తెలుసు.

ఫిబ్రవరి 6

ఫోను లేదు. చెయ్యి అస్తమానం నడుము దగ్గరికి పోతోంది.

ఫిబ్రవరి 8, ఆదివారం

చర్చి దగ్గర ఏంజెలిన్ వచ్చి వాళ్ళ అమ్మకి వాకర్ కావాలంది. నేను సెలవులో ఉన్నాను, ఆఫీసుకి ఫోన్ చెయ్యమ్మా అన్నాను. ఎంత నిగ్రహంగా చెప్పానో నాకే ముచ్చటేసింది.

ఊరికే, మర్చిపోకుండా ఉండటానికి, వాళ్ళ అమ్మ ఎత్తు, ఏ కాలు, ఇంటికి మెట్లున్నాయా అన్నీ కనుక్కుని ఒక కాగితం మీద రాసి మా ఆయన చేత రేవతికి పంపాను. ఇది వేలు పెట్టడం కిందికి రాదు.

కాగితం తిరిగొచ్చింది. వెనక రేవతి రాసింది, "నిన్ననే ఇచ్చేశాం మేడమ్. ఈవిడ రెండోది అడుగుతోంది."

ఫిబ్రవరి 10, మంగళవారం

మైపాడులో హజరత్తయ్యకి పక్షవాతం. పడవ మీద వలలు లాగిన మనిషి, ఒక పక్కంతా పడిపోయింది. నిన్న మంచం పట్టుకుపోతే వాళ్ళు వద్దన్నారట. సిస్టరమ్మ రాలేదుగా అన్నారట. రేవతి పెంచల్‌ని పడుకోమంది. వాడికి ఇంకా పెళ్ళి కాలేదట, పడుకోడట. మంచం బండెక్కి వెనక్కి వచ్చేసింది. దారిలో మా ఇంటి ముందు బండాపి పెంచల్ ఇవన్నీ చెప్పాడు. నేను అడగలేదు. బండికి అడ్డంగా నిలబడ్డాను, అంతే.

పాపం హజరత్తయ్య. నాకేం సంతోషంగా లేదు. మధ్యాహ్నం చేపల పులుసు బాగా కుదిరింది, అందుకని ఇంకోసారి పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 11

పులుసు సంగతి నిన్న రాయకుండా ఉండాల్సింది.

నేల మీద చాప వేసి పడుకోబెట్టిన మనిషిని ఇంట్లో ఆడవాళ్ళు సాయం లేకుండా పక్కకి తిప్పలేరు. తిప్పకపోతే వీపు పుండ్లు పడుతుంది. ఒకసారి పుండు పడితే ఎన్నాళ్ళకి మానుతుందో నాకంటే తెలిసిన వాళ్ళెవరు? పోయి పడుకుని లేచి వచ్చేస్తే సరిపోతుంది, గంట పని. కానీ పోయానంటే వినీల రాస్తుంది. రాస్తే ఏప్రిల్ నుంచి ఏ హజరత్తయ్యకీ మంచం ఉండదు.

మైపాడు బస్సు స్టాపు దాకా వెళ్ళాను. బస్సు వచ్చింది, ఆగింది, పోయింది. ఇంటికొచ్చి మా ఆయన బటన్ల ఫోనుతో నా నంబరుకే ఫోన్ చేశాను. రేవతి ఎత్తింది. నేను నోరు తెరవకముందే, "మేడమ్, మీరు రావొద్దు. నేను జూస్తుండా" అని పెట్టేసింది.

గొంతు వణికింది దానికి. ఇన్నాళ్ళలో అది వణకడం నేను వినలేదు. చాలా జాలేసింది, వెంటనే చాలా కోపమొచ్చింది.

ఫిబ్రవరి 13, శుక్రవారం

రేవతి తనే పడుకుని చూసిందట. హజరత్తయ్య భార్య పెదవి విరిచిందట. పాతికేళ్ళు లేని పిల్ల పడుకుంటే లేవక ఏం చేస్తుంది అందట. నిజమే.

తర్వాత, మంచాన్ని మందు పెట్టి కడిగామని ఒక సర్టిఫికెట్ తయారు చేయించి, ప్లాస్టిక్ అట్ట వేయించి, సీలు కొట్టి మంచానికి కట్టి పంపింది. ఆ ఇంట్లో వాళ్ళు సీలు చూసి, ఇది ఎవరు పోయినప్పుడు ఇచ్చిన సర్టిఫికెట్ అని అడిగారట. గడప కూడా దాటనివ్వలేదు. పెంచల్ ఈసారి బండి ఆపకుండా పోతూ పోతూ అరిచి చెప్పాడు.

నేను నవ్వాను. తర్వాత హజరత్తయ్య వీపు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

ఫిబ్రవరి 14

ఆఫీసు వైపు వెళ్ళలేదు. పాల ప్యాకెట్టుకి వెళ్ళాను. పాల అంగడి ఆఫీసు ఎదురుగా ఉంటే నా తప్పా?

మనకి పాలు ఇంటికే వస్తాయిగా అన్నాడు మా ఆయన. పెరుగుకి అన్నాను.

ఫిబ్రవరి 16, సోమవారం

బాత్రూంలో జారాను. చీలమండ విరిగింది. పిండి కట్టు వేశారు. ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

ఫిబ్రవరి 17

సరే. బాత్రూం కాదు, గోడ.

అందరికీ బాత్రూమనే చెప్పాను, డాక్టరుతో సహా. ఈ పుస్తకానికి కూడా అదే చెప్పాను. ఎవరూ చదవని పుస్తకానికి అబద్ధం చెప్పి ఎవర్ని మోసం చేస్తున్నానని రాత్రంతా కాలు సలిపింది.

హజరత్తయ్యకి మంచం చేరిందా లేదా అని నాలుగు రోజులుగా ఒక్క కబురు లేదు. పెంచల్ దారి మార్చుకున్నాడు. నిన్న మధ్యాహ్నం రైసుమిల్లు వెనక సందులోంచి వెళ్ళి, అక్కడ పడేసి ఉన్న పాత పెయింటు డబ్బా ఎక్కి గోడ పైనుంచి చూద్దామనుకున్నాను. ఆఫీసు గుమ్మం తొక్కొద్దన్నారు గానీ వెనక గోడ సంగతి ఎవరూ అనలేదు. లోపల ఎవరో పెద్దగా నవ్వుతున్నారు. ఆ గొంతు నాకు తెలుసు, మైపాడు కామమ్మది. కామమ్మకి మా ఆఫీసులో ఏం పని? మునికాళ్ళ మీద లేచాను. డబ్బా లేవలేదు, దొర్లింది.

ముళ్ళకంపలో పడి కూడా అరవలేదు. అరిస్తే వేలు పెట్టినట్టు అవుతుంది కదా. కుంటుకుంటూ సందు చివరి దాకా వచ్చి ఆటో ఎక్కాను. ఒక చెప్పు అక్కడే పోయింది.

ఇప్పుడు కాలు ఎత్తులో పెట్టుకుని పడుకోవాలి. మా నవారు మంచం మీద నడుం పట్టేసింది. లేచి కూర్చోవాలంటే మా ఆయన వెనకనుంచి తొయ్యాలి. తోస్తూ, "ముందుకి జరగాలమ్మా, ముందుకి జరగాలి" అంటాడు.

ఫిబ్రవరి 18, బుధవారం

ఈస్టరు ముందు ఏదో ఒకటి మానేసి ఉండే శ్రమ దినాలు మొదలయ్యాయి. ఈ ఏడు ఏం మానేస్తే బాగుంటుందని అడిగాను. ఆఫీసు అన్నాడు మా ఆయన.

ఆయనే సంఘానికి ఫోన్ చేశాడు, మా ఇంటికి మంచం కావాలని. మా ఇంటికి! నేను ఫోను లాక్కుని, రేవతీ, ఆ కొత్తగా రంగు వేసిన మంచం పంపు, దానితో పాటు వీల్‌చెయిర్ పంపు అన్నాను. ఆ మంచం హజరత్తయ్య దగ్గరుంది మేడమ్ అంది. సోమవారం సాయంత్రమే ఇచ్చారట. వీల్‌చెయిర్‌కి మీ ముందు ఇద్దరున్నారు అంది. నా ముందు! ఆ వీల్‌చెయిర్‌కి చక్రాలు బిగించింది నేను. రేపు ఉన్న మంచం ఒకటి వస్తుంది అంది. హజరత్తయ్య వాళ్ళు ఎట్లా ఒప్పుకున్నారని అడగబోయాను. అదే నన్ను అడిగింది, ఎట్లా పడ్డారు మేడమ్ అని.

"బాత్రూంలో" అన్నాను.

"మన గోడ వెనక మీ చెప్పు దొరికింది మేడమ్. మంచంతో పాటు పంపిస్తా."

మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. గోడలకి చెవులుంటాయని విన్నాను గానీ కాళ్ళు కూడా ఉంటాయా అన్నాడు.

ఫిబ్రవరి 19, గురువారం

ఇది ఈరోజే రాసుకోవాలి.

పెంచల్, రేవతి మంచం తెచ్చారు. చెప్పు కూడా తెచ్చారు, కవర్లో పెట్టి. మంచం వరండాలో వేశారు. చూడగానే గుర్తుపట్టాను. తల వైపు గుబ్బ ఊడిపోయిన మంచం. పోయిన నెల దీని మీదే పోస్టుమాస్టరు సంజీవరావు గారు పోయారు. నేనే కళ్ళు మూశాను.

ఆ మంచం మీద ఎవరున్నారో, ఎవరు లేచారో, ఎవరు లేవలేదో అన్నీ నాకు తెలుసు. ఇన్నాళ్ళూ జనానికి తెలియకుండా నా ఒక్కదాని కడుపులో దాచుకున్నాను. ఇప్పుడు నా కడుపు నా మాట వినడం లేదు. పెద్దాసుపత్రిలో ఎవరూ పోని మంచం ఒక్కటైనా ఉంటుందా? ఉండదని నాకు తెలుసు. ఆ మంచాల మీద రోగిగా పడుకోవాల్సింది నేను కాదు, అదే తేడా.

పడుకోండి మేడమ్ అంది రేవతి. వరండాలో గాలి ఎక్కువ అన్నాను. లోపల వేశారు. ఫ్యాను నెత్తిన పడేటట్టుంది అన్నాను. జరిపారు. తల తూర్పుకి ఉండాలి అన్నాను. మనకి ఈ దిక్కులు ఎప్పట్నుంచి అన్నాడు మా ఆయన. అప్పుడు చూశాడు నా మొహం. వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

భయమేసింది. సిగ్గు లేకుండా రాస్తున్నాను, నాకు భయమేసింది.

రేవతి గుమ్మం బయటికి చూసి పిలిచింది. బండి ముందు సీట్లోంచి కామమ్మ దిగింది. చేపల వాసనతో, తుంటి మీద చెయ్యి పెట్టుకుని, మెల్లగా లోపలికి వచ్చింది. నన్ను పలకరించలేదు. గుబ్బ ఊడిన మంచం మీద కూర్చుని, కాళ్ళు పైకెత్తుకుని, వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకుంది. తర్వాత ఒక పక్కకి ఒత్తిగిలి, చెయ్యి ఊని, మోకాలు ఊని, ఒక్కో ఎముకనీ అడిగినట్టుగా లేచి నిలబడింది. నేను లేచినట్టు కాదు. నేనెప్పుడూ ఠక్కున లేచేదాన్ని.

"హజరత్తయ్య ఇంట్లో కూడా ఇట్నే లేసినా. పడనోళ్ళు లేస్తే ఏం గొప్ప సిస్టరమ్మా? పడినోళ్ళం మేం లేస్తే నమ్మతారు."

ఆ ఆలోచన రేవతిదట. మా మంచాల మీద పడుకుని నిజంగా లేచిన వాళ్ళందరినీ కూడగట్టిందట. ఏ ఊరి మంచానికి ఆ ఊళ్ళో లేచిన మనిషి వెళ్ళి పడుకుని లేవాలి. సోమవారం వాళ్ళందరూ ఆఫీసులో చేరి వంతులు వేసుకుంటున్నారు. నేను విన్నది ఆ నవ్వు.

మరి ఆరోజు మీ వీధిలో నేను పడుకుంటే మీ వాళ్ళు ఎందుకు ఒప్పుకున్నారు అని అడిగాను. అడగకుండా ఉండాల్సిందేమో, కానీ నాకు తెలియాలి.

"ఆ పొద్దు నాకు ధైర్యమేం రాలా. నడివీధిలో నువ్వు చీర సర్దుకుంటా పండుకుంటే నవ్వొచ్చింది. తుంటి విరిగినాక నేను మొదట నవ్వింది అదే. మంచం లోపలికి తెమ్మని నా కోడలికి నేనే జెప్పినా."

నేను ఏడ్చాను. నర్సు ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రోగి ముందు ఏడవకూడదని నేర్చుకున్నాను. ఈసారి రోగిని నేనే, అందుకని ఏడ్చాను. కామమ్మ నా మొహం తన కొంగుతో తుడిచింది. ఒకటే చేపల వాసన.

తర్వాత మంచం ఎక్కాను. మెత్తగా ఉంది. ఇన్నేళ్ళూ అన్ని మంచాల మీద పడుకున్నాను గానీ, మెత్తగా ఉంటుందా గట్టిగా ఉంటుందా అని ఎప్పుడూ చూసుకోలేదు.

ఫిబ్రవరి 27, శుక్రవారం

వినీల వచ్చింది. రోగిని చూడటానికి వచ్చినట్టు బత్తాయిలు తెచ్చింది. నా మంచం పక్కన కుర్చీ వేసుకుని రేవతినీ పెంచల్‌నీ ప్రశ్నలడిగింది. నేను నోరు మూసుకుని బత్తాయి ఒలుచుకున్నాను. రెండు చోట్ల రేవతి తడబడింది. పెదవి కొరుక్కున్నాను గానీ అందించలేదు. మూడోసారి అందించబోతే మా ఆయన ఒక తొన నా నోట్లో పెట్టాడు.

ఒకే మనిషి వల్ల అయ్యే పని ఏదైనా ఉందా అని మళ్ళీ అడిగింది. ఇప్పుడు పండుకొని లేసేవాళ్ళు ఊరికొకరు ఉండారు, గంగపట్నంలో అయితే వంతుల కోసం కొట్లాట అన్నాడు పెంచల్. ట్రస్టుకి సరేనని రాస్తానంది వినీల. రేవతి కళ్ళు తుడుచుకుంది. నేను ఆ పక్కకి చూడలేదు, చూస్తే నాకూ అదే పని.

నాయకత్వానికి ఈసారి మూడు. నాలుగెందుకు కాదు అని అడిగాను.

"గోడ మేడమ్" అంది. మొదటిసారి నవ్వింది.

మార్చి 11

వీల్‌చెయిర్ వచ్చింది. నా వంతు ప్రకారమే వచ్చింది.

మార్చి 20

హజరత్తయ్యని కూర్చోబెట్టారట. వీపు మీద గీత కూడా లేదట. కామమ్మ చెప్పి పంపింది.

ఏప్రిల్ 5, ఆదివారం

పాస్టరు గారు ఈస్టరు ప్రసంగంలో లేవడం అన్నప్పుడల్లా నా వైపే చూశారు. కట్టు విప్పి మూడో రోజు. కర్ర పట్టుకుని నడుస్తున్నాను. మా ఆయన వెనకాల "రైట్, రైట్" అంటూ వస్తున్నాడు.

ఫోను తిరిగి ఇస్తానంది రేవతి. వద్దు, నీ దగ్గరే ఉండనీ అన్నాను. ఇది రాస్తుంటే మాత్రం చెయ్యి నడుము దగ్గరికి పోయింది.

ఏప్రిల్ 8, బుధవారం

రేవతి మా ఆయన ఫోనుకి చేసింది. బోగోలు నుంచి మొదటిసారి మంచం అడిగారట. అంత దూరంలో మన మంచం మీద లేచిన వాళ్ళు ఇంకా ఎవరూ లేరు. లేచిన వాళ్ళ వరసలో కొత్తగా చేరింది మీరే, వస్తారా మేడమ్ అంది. ఆలోచించి చెప్తానన్నాను. ఫోను పెట్టేసేసరికి చీర మార్చుకుని ఉన్నాను.

వరి పండించే రైతుల ఇల్లు. వెంకటశేషమ్మ అనే పెద్దావిడ గట్టు మీద నుంచి జారి కాలు విరగ్గొట్టుకుంది. పెంచల్ మంచం వేశాడు. రేవతి దుప్పటి పరిచింది. నేను కర్ర గోడకి ఆనించాను. చాప మీద నుంచి ఆవిడ నన్ను పైకీ కిందికీ చూసింది. నువ్వు పడినదానివేనా, చూస్తే అట్ట లేవే అంది. పడ్డానమ్మా అన్నాను.

"ఎట్టా పడినావు?"

బాత్రూమనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. రేవతి దుప్పటి సర్దుతూ ఆగింది.

"మా ఆఫీసు గోడెక్కి తొంగి చూస్తా పడినా" అన్నాను.

"దొంగతనానికా?"

"కాదమ్మా. నేను లేకపోతే వీళ్ళు పని చేస్తుండారా లేదా చూద్దామని."

ఆవిడ ముందు పమిట అడ్డం పెట్టుకుంది. తర్వాత పొట్ట కదిలింది. తర్వాత ఆగలేదు. కాలు నొప్పని ఒక చేత్తో తొడ పట్టుకుని, ఇంకో చేత్తో నేల కొడుతూ నవ్వింది. ఆవిడ కొడుకు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు. పడిన నాటి నుంచి అమ్మ నవ్వలేదు అన్నాడు.

నేను మంచం మీద పడుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. ఇదివరకైతే ఈపాటికి లేచేసేదాన్ని. ఈసారి పక్కకి ఒత్తిగిలాను, చెయ్యి ఊనాను, చీలమండ చురుక్కుమంది, కొంచెం ఆగాను. పెంచల్ చెయ్యి అందించబోతే రేవతి ఆపింది. ఆపడమే సరైంది.

లేచి మంచం అంచున కూర్చుని, ఇంటివాళ్ళకి నాలుగు మంచి మాటలు చెబుదామని గొంతు సవరించుకున్నాను. వెంకటశేషమ్మ అప్పటికే కొడుకు భుజం పట్టుకుని చాప మీద నుంచి సగం లేచింది.

"చాల్లే, దిగు తల్లీ. అది నా మంచం."

దిగాను.